ర్యాంకు లేని గంట
ప్రతిభావంతులైన విద్యార్థుల మనఃస్వాస్థ్యమునకు ఆటలు, వ్యాయామము చేయు సాయమును గూర్చి ఒక సమీక్ష

చదువులో మొదటి వరుసన నిలిచిన పిల్లలకు ఆటపాటలు అవసరమా, అవసరమగునేని అవి దేహమునకు మాత్రమేనా, మనస్సునకు కూడనా అను ప్రశ్న మన ప్రాంతమున కొత్తగా పుట్టినది కాదు. కాని గడచిన పాతికేండ్లలో దీని చుట్టును వాదములు ఎంతగా పెనవేసికొనినవనగా, గురుకులములలోని వ్యాయామోపాధ్యాయులు (పి.ఇ.టి.లు) ఒక మాటయు, ర్యాంకుల కోచింగు నడపువారు వేరొక మాటయు, మనోవైద్యులు మూడవ మాటయు, యోగశిక్షకులు నాలుగవ మాటయు చెప్పుచుండగా, పదేండ్ల బిడ్డచేత ఎంట్రన్సు వ్రాయించి, సీటు వచ్చినదని ఊరంతయు చెప్పుకొని, ట్రంకుపెట్టెతో హాస్టలులో విడిచి వచ్చిన తల్లిదండ్రులు ఎవరి మాట నమ్మవలెనో తెలియని స్థితిలో ఉన్నారు. వాదము ఇంత చిక్కుపడినప్పుడు, ఏ పోగు ఎక్కడ నుండి వచ్చినదో, ఏది ఎంతవరకు నిలుచునో, ఏది ఇంకను తేలకున్నదో విడదీసి చూచుట అవసరము.

ఈ సమీక్షకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతమును ఆధారముగా గైకొనుటకు కారణము కలదు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి వేరుపడిన ఈ మూడు జిల్లాలును, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ మొదలు నల్లమల అడవుల వరకు వ్యాపించి, చిరకాలముగా వలసకూలీల సీమగా పేరుపడినవి. 2011 జనగణన లెక్కల ప్రకారము నేటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతమున అక్షరాస్యత సగమునకు లోబడి, 49.87 శాతముగా ఉండి, తెలంగాణమున అట్టడుగున నిలిచినది. ఇట్టి చోట పరీక్షలో నెగ్గి గురుకులమునకో నవోదయకో పోవు పిల్లవానితో పాటు ఒక కుటుంబపు ఆశలన్నియు, కొన్నిచోట్ల ఒక తండాయొక్క ఆశలన్నియు ప్రయాణము చేయును. ఆ భారము పసిమనస్సుపై ఎట్లు పనిచేయును, దానిని తేలికపరచుటలో దేహచలనమునకు గల పాత్ర యెంత అనునదే ఇచట విచార్యాంశము.

ప్రతిభావంతుడనగా ఎవడు?

పాశ్చాత్యదేశములలో ఈ చర్చ బుద్ధిమాపనముతో మొదలైనది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున లూయిస్ టెర్మన్ 1921లో దాదాపు 1,500 మంది బాలబాలికలను ఎంచుకొని దశాబ్దములపాటు సాగిన పరిశీలన నారంభించి, చదువరియైన పిల్లవాడు బలహీనుడు, రోగిష్ఠి, ముభావి అను లోకాభిప్రాయమునకు ఆధారము లేదనియు, వీరు తక్కిన పిల్లలకంటె ఆరోగ్యవంతులుగనే కానవచ్చుచున్నారనియు ప్రకటించెను. దీనికి ఎదురుమాట త్వరలోనే వచ్చినది. లీటా హాలింగ్‌వర్త్ అను విదుషి, అత్యున్నతమైన బుద్ధి గల పిల్లలను దగ్గరగా పరిశీలించి, వారికి ఈడువారిలో తోడు దొరకదనియు, బుద్ధి పెద్దలదై భావోద్వేగములు పసివారివై యుండుటచే వారు ఒంటరులగుదురనియు చెప్పెను; ఆమె మరణానంతరము 1942లో వెలువడిన గ్రంథము ఆ పక్షమువారికి నేటికిని ప్రమాణము. తరువాతి పరిశోధకులు లెక్కలు కూడదీసి చూచినప్పుడు, ప్రతిభావంతులందరును మనోవ్యాధులకు అధికముగా లోనగుదురను మాటకు బలము చిక్కలేదు. కావున ప్రతిభయే రోగమన్నట్లు మాటలాడుట అన్యాయము. ప్రతిభ గల బిడ్డను మనము ఉంచు స్థితిగతులను చూడవలెను.

మన ప్రాంతమున ఆ స్థితిగతులు ఏవి? ఇక్కడ బుద్ధిమాపనములు లేవు. ప్రతిభ అనగా ఎంట్రన్సు. నాగర్‌కర్నూలు జిల్లా బిజినేపల్లి మండలమున వట్టెం గ్రామములో నున్న జవహర్ నవోదయ విద్యాలయమున ఆరవ తరగతిలో చేరుటకు, ఐదవ తరగతి చదువుచుండగనే పరీక్ష వ్రాయవలెను. ఒక్కొక్క నవోదయలో ఏటేట ఆరవ తరగతికి సాధారణముగా ఎనభై సీట్లు మించవు, వానిలో డెబ్బదియైదు శాతము పల్లెటూరి పిల్లలవి. రాష్ట్రప్రభుత్వపు గురుకులములలో ఐదవ తరగతిలో చేరుటకే ప్రవేశపరీక్ష నడచుచున్నది. ఈ వడపోతలో మూడు సంఘటనలు ఏకకాలమున సంభవించుచున్నవి: బిడ్డ ఇల్లు విడుచును; తన ఊరి బడిలో తానే మొదటివాడు కాగా ఇక్కడ అందరును మొదటివారే యగుటచే హఠాత్తుగా నలుబదవవాడగును; ఇంటికడ వీధిలో చిర్రగోనె, గోటీలు, తొక్కుడుబిళ్ల ఆడిన దేహము గంటలకొలది స్టడీ అవర్‌లో కూర్చుండవలసి వచ్చును. రెండవదానిని గూర్చి ఆస్ట్రేలియా పండితుడు హెర్బర్ట్ మార్ష్ 1980 దశకము నుండి వ్రాయుచు, సమానమైన శక్తి గల పిల్లలలో ఎంపిక చేసిన బడికి పోయినవారు తమ చదువును గూర్చి తామే తక్కువగా తలంచుదురని నిరూపించెను. మూడవదానిని గూర్చి మాటలాడువారు తక్కువ.

ప్రతిభ యను భావనలో దేహమునకు ఒకప్పుడు చోటు ఉండెనని కూడ ఇచట చెప్పవలసియున్నది. అమెరికా కాంగ్రెసునకు 1972లో సమర్పింపబడిన మార్లండ్ నివేదిక ఆరు విధములైన ప్రతిభలను లెక్కించుచు, చలనకౌశలమును కూడ అందు చేర్చెను. 1978 నాటి చట్టమున ఆ ఒక్కటి తొలగింపబడెను. క్రీడలకు వేరుగా పోషణ కలదను లౌకికమైన వాదము దానికి చెప్పబడినను, ఫలితము మాత్రము గంభీరమైనది: తెలివిగల పిల్లవాడనగా కూర్చున్న పిల్లవాడు అను చిత్రము స్థిరపడినది.

డ్రిల్లు నుండి ఎవరెస్టు దాక

దక్షిణదేశమున శాస్త్రీయమైన వ్యాయామవిద్యకు పునాది 1920లో మద్రాసున హారీ క్రో బక్ స్థాపించిన వై.ఎం.సి.ఎ. కళాశాలతో పడినది. అక్కడ శిక్షణ పొందినవారి వలనను, పిమ్మట హైదరాబాదు దోమలగూడ వ్యాయామకళాశాల వంటి వాని వలనను బడులలో డ్రిల్లు మాస్టరు అను పదవి సుపరిచితమైనది; ఐనను ఆ కాలపు డ్రిల్లులో విధేయతయే ప్రధానము, మనస్సు ప్రసక్తి లేదు. 1964-66 నాటి కొఠారి కమిషను, వ్యాయామవిద్య దేహదార్ఢ్యమునకే గాక మానసికమైన చురుకుదనమునకును శీలమునకును తోడ్పడునని స్పష్టముగా గుర్తించినది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేలున తొలి గురుకులము వెలసినప్పుడు, ప్రతిభ గల పేదబిడ్డకు చదువుతో పాటు ఉదయపు వ్యాయామము, సాయంకాలపు ఆట గల దినచర్య ఆ విద్యావిధానమున భాగమైనది. 1984లో సాంఘిక సంక్షేమ గురుకులములును, 1986 జాతీయ విద్యావిధానముతో నవోదయలును ఆ మార్గముననే నడచినవి. కాగితముపై ఈ వ్యవస్థలలో ఆటకు ఎన్నడును లోటు లేదు.

లోటు వచ్చినది కోచింగు వెల్లువతో. పాలమూరు (మహబూబ్‌నగర్) పిల్లలలో పదవ తరగతి బాగుగా నెగ్గినవారు హైదరాబాదులోని కార్పొరేటు జూనియర్ కళాశాలలకు తరలిపోవుట మొదలైన నాటి నుండి మైదానము లేని కళాశాల యను వింత సామాన్యమైనది. విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నీరదారెడ్డి కమిటీని నియమించవలసి వచ్చినది. 2017లో నవ్యాంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ అదే విషయమును మరల పరిశీలించినది. ప్రభుత్వ వసతివిద్యాలయములు ఈ బాధకు అతీతములని తలంచుట కూడ పొరపాటని 2018 డిసెంబరులో వెలువడిన ఒక పత్రికాపరిశోధన తెలిపినది: దేశమందలి నవోదయలలో 2013-17 నడుమ 49 మంది విద్యార్థులు ప్రాణములు తీసికొనిరనియు, వారిలో సగము మంది దళిత, గిరిజన బిడ్డలనియు అది బయటపెట్టగా, జాతీయ మానవహక్కుల కమిషను ఆ విషయమును స్వీకరించినది. ఉదయము పి.టి., సాయంకాలము గేమ్స్ గల విద్యాలయములలోనే ఇది జరిగినదను సంగతిని, వ్యాయామమును సర్వరోగనివారిణిగా ప్రచారము చేయువారు ఒక్క క్షణము ఆగి ఆలోచించవలెను.

ఈ చీకటి నడుమ ఒక గొప్ప ఘట్టము కూడ ఉన్నది. అలంపూరు ప్రాంతమునకు చెందిన ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులముల కార్యదర్శిగా ఉన్నప్పుడు, భువనగిరి కొండపై శేఖర్‌బాబు శిక్షణలో తేరిన పిల్లలలో ఇద్దరు, నిజామాబాదు ప్రాంతపు మాలావత్ పూర్ణయు, ఖమ్మం ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమారును, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును చేరిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. గురుకులము బిడ్డ అనగా జాలిపడవలసిన బిడ్డ అను భావమును ఆ ఒక్క ఆరోహణము చెరిపివేసినది. ఆ ప్రభావము అలంపూరు, గద్వాల, అచ్చంపేట హాస్టళ్లలోని బాలికల దాక వ్యాపించినదనుటలో అతిశయోక్తి లేదు.

ఈ దశాబ్దమున చర్చ విధానపత్రములకును, న్యాయస్థానమునకును చేరినది. 2020 జాతీయ విద్యావిధానము ప్రతిభావంతులను గూర్చి ప్రత్యేకముగా ప్రస్తావించుచునే, వేరొకచోట ఆటలను చదువుతో కలిపి బోధించవలెనని చెప్పినది. ఈ రెండు సంకల్పములను ఒకచోట చేర్చి ఆలోచించినట్లు మాత్రము కనబడదు. విశాఖపట్నమున మరణించిన ఒక నీట్ విద్యార్థిని తండ్రి వేసిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకములు విధించుచు, నూరుమంది గాని అంతకు మించి గాని విద్యార్థులు గల సంస్థలలో కౌన్సెలర్లు ఉండవలెననియు, మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయరాదనియు, ఆటలు కళలు వంటి వానికి ప్రాధాన్యమీయవలెననియు ఆదేశించినది. కౌన్సెలరును, ఆటను ఒకే తీర్పులో పక్కపక్కన నిలుపుట ఈ చర్చలో ఒక మేలుమలుపని నా అభిప్రాయము.

నాలుగు పక్షములు

ఈ చరిత్ర నుండి నేడు వినబడు నాలుగు పక్షములు రూపొందినవి. మొదటిది క్రమశిక్షణాపక్షము. తెల్లవారుజామున లేచి వరుసలో నిలిచి పరుగెత్తిన దేహము పగలంతయు నిలకడగా ఉండుననియు, దినచర్య స్థిరమైనచో మనస్సు స్థిరపడుననియు వారి విశ్వాసము. ఇల్లు విడిచిన పసిబిడ్డకు దినచర్య ఒక ఆసరా యను మాట కాదనరానిది. కాని ఇందులో చలనము బిడ్డది కాదు, విజిలుది. ఆలస్యముగా వచ్చినవానికి గ్రౌండు చుట్టు పరుగు శిక్షగా విధింపబడుచున్నంత కాలము, పరుగు అనగా ఆ బిడ్డకు ఏమి గుర్తుకు వచ్చునో చెప్పనక్కరలేదు.

రెండవది విమోచనపక్షము, పాశ్చాత్య ప్రతిభావిద్యలో ఎక్కువగా వినబడునది ఇదియే. పోలెండు దేశపు మనోవైద్యుడు కజిమీర్జ్ దాబ్రోవ్‌స్కీ, ఉన్నతవికాసమునకు అర్హులైన వ్యక్తులలో ఐదు విధములైన అతిస్పందనలు ఉండుననియు, వానిలో ఒకటి చలనాతిస్పందన యనియు చెప్పెను: అట్టివారు కుదురుగా కూర్చుండలేరు, వేగముగా మాటలాడుదురు, ఆలోచన కదలికగా బయటపడును. దీనిని ఆధారముగా గొని, ప్రతిభ గల పిల్లలకు కదలిక ఇతరులకంటె ఎక్కువ అవసరమని పలువురు ఉపాధ్యాయశిక్షకులు బోధించుచున్నారు. వాదము మనోహరముగా ఉన్నది. కాని దాని వేరు బలహీనము. 2016లో వింక్లర్, వాయిట్ అనువారు పూర్వపు అధ్యయనములను కూడదీసి లెక్కించినప్పుడు, తక్కిన అతిస్పందనలు ప్రతిభావంతులలో ఎంతో కొంత ఎక్కువగా కనబడినను, చలనాతిస్పందన విషయమున మాత్రము చెప్పుకోదగిన భేదము తేలలేదు. అనగా ప్రతిభావంతునికి ప్రత్యేకమైన కదలిక కావలెనను వాదమునకు ఆధారమైన స్తంభమే నిలువలేదు. సాధారణమైన కదలిక, ప్రతి బిడ్డకును కావలసినది, అతనికిని కావలెను. అతనికి అది అందకుండ చేయుచున్నాము కనుకనే ప్రత్యేకముగా మాటలాడవలసి వచ్చుచున్నది.

మూడవది సాధనపక్షము. ఎవరెస్టు ఘట్టము దీనికి ధ్వజము. ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించిన స్వసామర్థ్యవిశ్వాసము దీనికి శాస్త్రము: తాను చేయలేననుకొన్నదానిని చేసినవాడు వేరొకదానిని కూడ చేయగలనని నమ్మును. అణగారిన కులముల బిడ్డల విషయమున ఈ మాటకు గల శక్తి అసామాన్యము; తరతరాలుగా ఇతరుల ఎదుట తలవంచవలసి వచ్చిన దేహము శిఖరముపై నిలుచుట కేవలము క్రీడావిజయము కాదు. ఐనను శిఖరమునకు చేరువారు ఇద్దరు, భువనగిరి కొండనెక్కినవారు నూరుమంది, తక్కిన లక్షలాది పిల్లలు హాస్టళ్లలోనే ఉన్నారు. పతకమునే గమ్యముగా చేసినచో, చదువులో ర్యాంకు వెంట పరుగెత్తి అలసిన పరిపూర్ణతాపిపాసి మైదానమున మరియొక ర్యాంకు వెంట పరుగెత్తవలసి వచ్చును.

నాలుగవది అంతర్ముఖపక్షము, అనగా యోగము, ప్రాణాయామము, ధ్యానము. 2015 నుండి జూన్ 21న అంతర్జాతీయ యోగదినము జరుపుచుండుటచే దీనికి రాజాదరణ కూడ కలిగినది. పెద్ద మైదానము అక్కరలేకుండుట, రక్తహీనత గల బాలికలును చేయగలుగుట, బాలికలను ఆటకు పంపుటకు సంకోచించు తల్లిదండ్రులును దీనిని అంగీకరించుట దీని గుణములు. కాని తనలోని ఆలోచనల సుడిలో ఇదివరకే చిక్కిన బిడ్డను కన్నులు మూసి మరల తనలోనికే చూడుమనుట అన్ని వేళల మేలు చేయునా అను సందేహము ఈ పక్షమువారు తీర్చవలసియున్నది.

ఈ నాలుగింటిని పక్కపక్కన నిలిపి చూచినచో, మొదటి పక్షము బిడ్డ బాధను క్రమరాహిత్యముగాను, రెండవది బందీయైన శక్తిగాను, మూడవది ఆత్మన్యూనతగాను, నాలుగవది చంచలతగాను చూచుచున్నదని స్పష్టమగును. ఎంపిక చేయబడిన బిడ్డను నిజముగా పీడించు ఒంటరితనమును, పోల్చబడుటను, ఓడినచో చోటు పోవునను భయమును ఈ నాలుగింటిలో ఏదియు పేరుపెట్టి చెప్పదు. వానిని తెలిసికొనుటకు సిద్ధాంతముల కంటె మన ఆటనే దగ్గరగా చూచుట మేలు.

కబడ్డీ బరిలో జరుగునదేమి

కూత పట్టి ఎదుటి బరిలోనికి పోవు ఆటగాడు ఒక్క ఊపిరిలో తన పనిని ముగించి మధ్యగీతకు మరలి రావలెను. ఊపిరిని ఒడిసిపట్టుట, అదే సమయమున ఏడుగురి కాళ్లను చేతులను కనిపెట్టుట, ఎప్పుడు తెగించవలెనో ఎప్పుడు వెనుదిరుగవలెనో క్షణములో నిర్ణయించుట, ఇవి బుద్ధికి ఎంత పని కల్పించునో గణితము బాగుగా వచ్చిన పిల్లవానికి వేరుగా చెప్పనక్కరలేదు. కాని కూతలో ఉన్నవాడు వేరొక ఆలోచన చేయలేడు. నెలపరీక్షలో వచ్చిన మార్కులు ఆ ముప్పది క్షణముల పాటు అతని తలలో ఉండజాలవు. ప్రాణాయామము కోరు శ్వాసనియమము కూడ ఇందు కలదు, కాని ఇది లోపలికి గాక బయటికి చూచుచు చేయు నియమము.

అంతకంటె ముఖ్యమైనది అవుటైన తరువాత జరుగునది. పట్టుబడినవాడు బరి వెలుపల కూర్చుండును. తన జట్టు ఎదుటివారిలో ఒకనిని అవుట్ చేసిన క్షణమున అతడు తిరిగి లేచి లోనికి వచ్చును. అతని పునరాగమనము అతని చేతిలో లేదు, తోటివాని చేతిలో ఉన్నది. అట్లే రేపు తోటివాని రాక ఇతని చేతిలో ఉండును. ఎంట్రన్సులలో ఒకసారి పోయినది పోయినట్లే; తోటివాడు గెలిచినచో నాకు నష్టమే. ఐదవ తరగతి నుండి ఈ గణితమునందే పెరిగిన బిడ్డకు, ఓటమి తాత్కాలికమనియు, తోటివాని గెలుపు తనకు ప్రాణము పోయుననియు ఉపన్యాసములతో చెప్పినచో నమ్మడు; బరిలో దినదినము అనుభవించినచో నమ్మును. నవోదయలలో తొమ్మిదవ తరగతికి వచ్చిన పిల్లలలో ముప్పది శాతము మందిని ఒక ఏడాది పాటు వేరొక భాషాప్రాంతపు నవోదయకు పంపు పద్ధతి కలదు. వట్టెం నుండి హిందీ సీమకు పోయిన బిడ్డకు తరగతిలో మాట కలియుటకు నెలలు పట్టవచ్చును, కూతకు మాత్రము అనువాదము అక్కరలేదు.

చిరుతల భజన, కోలాటము, బతుకమ్మ కూడ ఈ కోవలోనివే. వలయములో తిరుగువారిలో మొదటివారు, చివరివారు ఉండరు. అడుగు తప్పినవారిని పక్కవారి లయయే సరిచేయును. గురుకులములలో ఇవి వార్షికోత్సవమునకు ముందు నెలలో మాత్రమే, అదియును ఎంపికైన పదిమందికి మాత్రమే నేర్పబడుచుండుట విచారకరము.

పత్తిచేను నుండి వచ్చిన దేహము

పాశ్చాత్యగ్రంథములలో కానరాని ఒక అంశము నడిగడ్డలో కలదు. అయిజ, మల్దకల్, ధరూరు ప్రాంతములు సీడు పత్తికి ప్రసిద్ధములు. సంకరవిత్తనము కొరకు ప్రతి మొగ్గను సాయంకాలము చేతితో విప్పి, కేసరములు తొలగించి, మరునాటి ఉదయము మగపూవు పుప్పొడిని దానికి రుద్దవలెను. క్రాసింగు అని వ్యవహరింపబడు ఈ పనికి చిన్నచేతులు, తక్కువ ఎత్తు అనుకూలమని పిల్లలను, ముఖ్యముగా బాలికలను, దిగవేయు దురాచారము చాలకాలము నడచి, బాలకార్మికోద్యమముల దృష్టికి వచ్చినది. అట్టి చేల నుండి వచ్చిన బిడ్డ దేహమునకు కదలిక కొత్త కాదు. ఆ కదలికలో ఇచ్ఛ లేదు, ఆనందము లేదు, కూలి మాత్రమే కలదు. అట్టి బిడ్డకు చదువు అనగా నడుము వంచనక్కరలేని బ్రతుకు. ఆ ఇంట్లో తల్లి ఆటలు అన్నము పెట్టునా యని అడిగినప్పుడు ఆమెను అజ్ఞానురాలనుట తగదు. దేహశ్రమ నుండి బిడ్డను తప్పించుటకే ఆమె ఇంత చేసినది.

కావున ఇక్కడి బడిలో ఆటను శ్రమ నుండి స్పష్టముగా వేరుచేయవలెను. మైదానము ఊడ్చుటను, రాళ్లు ఏరుటను వ్యాయామపు పీరియడులో కలుపుట, శిక్షగా గుంజీలు తీయించుట ఆ బిడ్డ దేహమునకు పాతకథనే మరల చెప్పును. అడవి నుండి అచ్చంపేట, అమ్రాబాదు ప్రాంతపు ఆశ్రమబడులకు వచ్చిన చెంచు పిల్లల సంగతి దీనికి విలోమము: చెట్టెక్కుట, దూరములు నడచుట, తేనెకై కొండచరియలు దిగుట చూచుచు పెరిగిన వారికి గోడల నడుమ కదలిక లేకుండుటయే మొదటి బాధ. ఒకే మందు రెండు బాధలకు ఇచ్చు విధానము పనిచేయదు.

పరిశోధనల తూకము

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ఐదు నుండి పదునేడేండ్ల వారికి దినమునకు సగటున అరువది నిమిషముల చురుకైన కదలిక కావలెనని చెప్పినది. 2016 నాటి లెక్కల ప్రకారము ప్రపంచమందలి కిశోరులలో 81 శాతము మందికి అది లేదు. మనస్సుపై ప్రభావము విషయమున, 2023లో వెలువడిన ఒక సమీక్ష 21 అధ్యయనములను, 2,441 మంది పిల్లలను పరిశీలించి, వ్యాయామము కుంగుబాటు లక్షణములను కొంతమేరకు తగ్గించుచున్నదని తేల్చినది. 2016లో డేవిడ్ లుబాన్స్ బృందము ఇది ఏ మార్గమున జరుగుచున్నదని వెదకి, మెదడులోని రసాయనముల కంటె తన దేహమును గూర్చి బిడ్డకు గల అభిప్రాయము మెరుగగుటయే బలమైన ఆధారము గల మార్గమని చెప్పినది. 11,235 మంది అమెరికా పిల్లలపై 2022లో వెలువడిన అధ్యయనమున జట్టు ఆటలు ఆడువారిలో మానసికమైన ఇక్కట్లు తక్కువగాను, ఒంటరి ఆటలు మాత్రమే ఆడువారిలో ఏ ఆటయు ఆడనివారి కంటె ఎక్కువగాను కనబడినవి. ఇది కార్యకారణసంబంధమును నిరూపించదు; దిగులుగల బిడ్డలే ఒంటరి ఆటను ఎంచుకొనియుండవచ్చును. కాని కబడ్డీ బరిని గూర్చి పైన చెప్పినదానికి ఇది విరుద్ధము కాదు.

యోగము విషయమున మన దేశముననే ఒక చక్కని పరీక్ష జరిగినది. షిర్లీ టెల్లెస్ బృందము 98 మంది బడిపిల్లలను యోగమునకు, వ్యాయామమునకు యాదృచ్ఛికముగా పంచి, మూడు నెలల తరువాత 2013లో ఫలితములు ప్రకటించినది: రెండు వర్గములును ప్రయోజనము పొందినవి, కాని తోటివారిలో తనకు గల విలువ యను అంశమున వ్యాయామవర్గమే మెరుగైనది. బ్రిటన్‌లో ఎనిమిదివేల మందికి పైగా పిల్లలపై జరిగి 2022లో వెలువడిన ధ్యానపరీక్షలో మామూలు బోధనకంటె అధికప్రయోజనము కనబడలేదు. యోగము వ్యర్థమని దీని అర్థము కాదు. దినము మొత్తమునకు అదొక్కటే చాలునను మాట నిలువదని మాత్రమే.

ఈ పరీక్షలు చాలవరకు సాధారణపు బడిపిల్లలపై జరిగినవి. ఎంట్రన్సులో నెగ్గి, ఇల్లు విడిచి, వసతిబడిలో చేరిన దళిత, గిరిజన, వెనుకబడిన తరగతుల బిడ్డ వానికి కేంద్రము కాదు. ఆ అధ్యయనముల ఫలితములను అతనికి అన్వయించుటలో మనము జాగ్రత్తగా ఉండవలెను. అన్వయించుట మానుకొనుటకు మాత్రము ఇది సాకు కారాదు.

తేలని విషయములు

మొదటిది కాలము. పదవ తరగతిలో, ఇంటర్‌లో సాయంకాలపు ఆట గంట ఎవరి చేతిలో ఉన్నది? విద్యాహక్కుచట్టము 2009 ప్రతి బడికిని ఆటస్థలము ఉండవలెననియు, నూరుమందికి పైబడిన ప్రాథమికోన్నత పాఠశాలలలో వ్యాయామవిద్యకు శిక్షకుడు ఉండవలెననియు చెప్పినది. ఆ గంటలో సిలబసు పూర్తిచేయరాదని చెప్పలేదు. పరీక్షలు దగ్గరపడగనే ఆ గంట స్పెషల్ క్లాసుగా మారుట అందరికిని తెలిసిన రహస్యము. బిడ్డకు ఆట అత్యవసరమగు మాసములలోనే అది అదృశ్యమగుచున్నది. ఒక పీరియడు తగ్గినచో మార్కులు తగ్గునను భయమునకు ఆధారమేదియో చెప్పవలసిన భారము దానిని తీసివేయువారిపై ఉన్నదని నేను భావించుచున్నాను.

రెండవది బాలికలు. కస్తూర్బా విద్యాలయములలోను, బాలికల గురుకులములలోను ఈడు వచ్చిన తరువాత ఆటలు మానుట నేటికిని సామాన్యము. లజ్జ, ఋతుకాలపు అసౌకర్యము, రక్తహీనత, ఆటకు తగిన దుస్తులు లేకుండుట, మహిళా పి.ఇ.టి.లు తక్కువగుట అన్నియు కారణములు. దీనిని మానసికసమస్యగా చూచి ధైర్యము చెప్పవలెనా, మొదట ఇనుపధాతువు మాత్రలు, స్నానపుగదులు సరిచేయవలెనా అను వాదమున నేను రెండవ పక్షమున నిలుతును. కాని సౌకర్యములు సమకూరిన చోట కూడ బాలికలు మైదానమునకు రాకుండుట ఎందుకో ఇంకను సరిగా విచారింపబడలేదు.

మూడవది వాతావరణము. మార్చి నడుమ నుండి ఒంటిపూట బడులు నడచు ఈ సీమలో సాయంకాలము నాలుగు గంటల ఎండలో ఆడించుట ప్రమాదకరము. వసతిబడులలో ఉదయము ఆరు గంటలకో, దీపముల వెలుగున రాత్రి భోజనమునకు ముందో ఆడించవచ్చును. దీనికి మైదానమున దీపములు, త్రాగునీరు కావలెను, మహోపన్యాసములు అక్కరలేదు.

నాలుగవది, అన్నింటికంటె కఠినమైనది: వ్యాయామము కౌన్సెలరుకు బదులు కాగలదా? కాదని నవోదయల అనుభవము చెప్పుచున్నది. మైదానమున పి.ఇ.టి. చూడగలిగినవి కొన్ని కలవు: నిన్నటి వరకు ముందుండి ఆడినవాడు నేడు బరి అంచున కూర్చుండుట, జట్టులోనికి ఎవరును పిలువని బిడ్డ, కారణము లేకుండ కాలినొప్పి చెప్పు బిడ్డ. గణితోపాధ్యాయునికి మార్కులలో కనబడునంతకు ముందే ఇవి అతనికి కనబడును. కాని చూచినదానిని ఎవరితో చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను అను శిక్షణ అతనికి లేదు. చెప్పినచో వినుటకు చాలచోట్ల కౌన్సెలరు లేడు. వ్యాయామోపాధ్యాయుని మానసికారోగ్యవ్యవస్థలో భాగముగా చేయవలెనా, చేసినచో ఇదివరకే ఎన్నికల విధులు, బియ్యపు లెక్కలు, డార్మిటరీ పర్యవేక్షణ మోయుచున్న అతనిపై ఈ భారమును కూడ వేయవచ్చునా, ఆటలో కనబడిన బలహీనతను పిల్లవాని ఫైలులో వ్రాసినచో ఆ మైదానము కూడ మరియొక పరీక్షాకేంద్రముగా మారిపోదా అను ప్రశ్నలకు గురుకుల సొసైటీలును, నవోదయ సమితియును, 2025 తీర్పును అమలుపరచవలసిన జిల్లా అధికారులును ఇంకను సమాధానము చెప్పవలసియున్నది.